యంత్రలోకం: ఇంజనుకు ఊపిరి పోసినవారు

“ఊపిరి ఉంటే ఉప్పు అమ్ముకొని బ్రతకవచ్చు” అన్నారు మన పెద్దలు. ఈ మాట మనిషి విషయములో ఎంత నిజమో ఇంజను విషయములోను అంతే నిజము. ఇంజను త్రాగు డీజిలు గురించి, దాని ధర గురించి మనము నిత్యము మాట్లాడుకొందుము. అది పీల్చు గాలిని గురించి తలచువారు అరుదు. వెల లేనిదానికి విలువ కూడ లేదనుకొనుట లోకసహజము. కాని గడచిన నూట ఇరువది సంవత్సరముల ఇంజనుల చరిత్రను ఒక్క మాటలో చెప్పుమన్నచో, “మరికొంత గాలి కొరకు సాగిన పోరాటము” అని చెప్పవచ్చును.

మేము కాపురముండు బారిడీహ్‌కు టెల్కో కాలనీ పొరుగు. అక్కడ లారీల కర్మాగారము ఉన్నది. ఆ లారీలకు ఇంజనులు చేయు కమ్మిన్స్ కర్మాగారమును ఉన్నది. బాడీ కట్టని కొత్త చాసిస్‌లు వరుసగా రోడ్డు మీదికి వచ్చునప్పుడు, ఇంజను చప్పుడు వెనుక ఒక సన్నని ఈల వినవచ్చును. ఆ ఈల ఏమిటని మన ఉద్యోగుల పిల్లలు పలుమారు అడుగుచుందురు. అది టర్బోచార్జరు పాట. ఆ పాట స్విట్జర్లాండులో పుట్టినది, అమెరికా ఎడారి మైదానములలోను, పందెపు బాటలలోను పెరిగినది, చివరకు మన వీధి మొగకు వచ్చి చేరినది. ఈ నెల మన శీర్షికలో ఆ కథను చెప్పుకొందము.

కమ్మరి తిత్తి, ఇంజను తిత్తి

పల్లెటూరి కమ్మరి కొలిమిని చూచినవారికి ఈ విషయము సులభముగ బోధపడును. కొలిమిలో బొగ్గు ఎంత పోసినను తిత్తి ఆడనిదే నిప్పు రాజుకొనదు. గాలి చాలనిచోట బొగ్గు ఎక్కువైనకొలది వచ్చునది పొగయే గాని వేడి కాదు. ఇంజను కూడ కొలిమి వంటిదే. ఒక కిలో డీజిలు పూర్తిగా మండుటకు సుమారు పదునాలుగున్నర కిలోల గాలి కావలెను. అనగా దాదాపు 12 ఘనపు మీటర్లు, లేక పన్నెండు వేల లీటర్ల గాలి! ఆచరణలో డీజిల్ ఇంజను ఇంతకంటె ఎక్కువ గాలినే కోరును.

మరొక లెక్క చూడుడు. 102 మిల్లీమీటర్ల వ్యాసము, 120 మిల్లీమీటర్ల స్ట్రోకు గల ఆరు సిలిండర్ల ఇంజను ఘనపరిమాణము 5.9 లీటర్లు. నిమిషమునకు 2,500 చుట్లు తిరుగునప్పుడు, నాలుగు స్ట్రోకుల ఇంజను కనుక, అది నిమిషమునకు 1,250 పర్యాయములు తన కడుపు నింపుకొనును. అనగా ఏ సహాయము లేకుండగనే నిమిషమునకు ఏడు వేల లీటర్లకు పైగా గాలిని పీల్చగలదు. ఊరకనే కూర్చున్న మనిషి నిమిషమునకు ఏడెనిమిది లీటర్ల గాలి పీల్చునని వైద్యులు చెప్పుదురు. ఒక్క లారీ ఇంజను పీల్చు గాలి వేయి మంది మనుషుల ఊపిరితో సమానమన్నమాట.

ఇంజను బలమును పెంచుటకు మార్గములు మూడు. మొదటిది, సిలిండరును పెద్దది చేయుట. దీని వలన బరువు, ధర పెరుగును. రెండవది, ఇంజనును మరింత వేగముగ త్రిప్పుట. దీని వలన అరుగుదల పెరుగును. మూడవది, అదే సిలిండరులో మరింత గాలిని కుక్కి పెట్టుట. ఈ మూడవ మార్గమే టర్బోచార్జరు.

ఇంధనము నుండి వచ్చిన వేడిలో సుమారు మూడవ వంతు పొగతో పాటు వృథాగా బయటకు పోవును. ఆ వేడి పొగను ఒక చిన్న చక్రము మీదికి మళ్ళించినచో అది గిరగిర తిరుగును. అదే ఇరుసు రెండవ కొనకు మరొక చక్రము బిగించినచో, అది బయటి గాలిని లాగి, ఒత్తి, సిలిండర్లలోనికి నెట్టును. చిన్న లారీలలో ఈ ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగును. దానిని మోయునది పలుచని నూనె పొర మాత్రమే. ఉక్కు నగరమైన జంషెడ్పూరు వారికి ఈ ఉపాయము కొత్తది కాదు. బ్లాస్ట్ ఫర్నేసు పైనుండి వెలువడు వాయువునే స్టవ్వులలో మండించి, దాని వేడితో అదే ఫర్నేసులోనికి ఊదు గాలిని వేడి చేయుదురు. తాను విడిచిన ఊపిరితో తన తిత్తిని తానే ఆడించుకొను కొలిమి టర్బో ఇంజను.

ఐతే ఒక చిక్కు ఉన్నది. సైకిలు పంపు కొట్టినవారందరు ఎరిగినట్లు, ఒత్తిన గాలి వేడెక్కును. వేడెక్కిన గాలి పలుచబడును. కనుక ఒత్తిన గాలిని మరల చల్లార్చవలెను. 150 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనున్న గాలిని అదే ఒత్తిడిలో 50 డిగ్రీలకు దించినచో దాని సాంద్రత సుమారు 30 శాతము పెరుగును. ఈ చల్లార్చు పరికరమే ఇంటర్‌కూలరు. నేటి లారీల ముందు భాగమున రేడియేటరుతో పాటు నిలబడి ఉండునది ఇదే.

నౌకల నుండి కొండ శిఖరము వరకు

ఈ ఊహ మొదట వచ్చినది స్విట్జర్లాండు దేశస్థుడైన ఆల్ఫ్రెడ్ బూఖీ అను ఇంజనీరుకు. 1905లో ఆయన దీనికి పేటెంటు పొందినాడు. కాని ఆనాటి లోహములు ఆ వేడికి నిలువలేదు. ఊహకు, వస్తువుకు మధ్య ఇరువది సంవత్సరములు గడచినవి. 1925లో పది సిలిండర్ల నౌకా డీజిల్ ఇంజనుకు దీనిని జోడించి, 1,750 అశ్వశక్తిని 2,500కు పెంచగలిగినారు. ఇరువది ఏండ్లు ఒకే ఊహను విడువక పట్టుకొని కూర్చుండుట సామాన్యమైన పని కాదు. యువ ఇంజనీర్లు ఈ సంగతిని మనసున ఉంచుకొనవలెను.

ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినది. విమానము పైకి పోయినకొలది గాలి పలుచబడి ఇంజను నీరసించుచుండెను. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన శాన్‌ఫోర్డ్ మాస్ అను ఇంజనీరు 1918లో ఒక లిబర్టీ విమాన ఇంజనును వాహనము మీద పెట్టుకొని, కొలరాడో రాష్ట్రములోని పైక్స్ పీక్ శిఖరమునకు, అనగా సుమారు 14,000 అడుగుల ఎత్తునకు, తీసికొనిపోయినాడు. సముద్ర మట్టము వద్ద 350 అశ్వశక్తి గల ఆ ఇంజను అక్కడ 230కి పడిపోయినది. టర్బో బిగించగనే 356 చూపినది. కొండ మీద సముద్ర తీరపు గాలిని సృష్టించినాడన్నమాట.

లారీల వంతు తరువాత వచ్చినది. 1938లో స్విట్జర్లాండు లోని సౌరర్ సంస్థ లారీ ఇంజనుకు టర్బోను అమర్చినది. 1954లో స్వీడన్ దేశపు వోల్వో సంస్థ టర్బో లారీని అమ్మకమునకు పెట్టినది. మన దేశములో సామాన్య ప్రజలు టర్బో ఇంజనును దగ్గరగా చూచినది రైలు స్టేషన్లలో. 1964 నుండి వారణాసి కర్మాగారములో తయారైన డబ్ల్యు.డి.ఎం.-2 డీజిల్ ఇంజనులో పదునారు సిలిండర్లు, ఒక టర్బోచార్జరు, 2,600 అశ్వశక్తి ఉండెను. టాటానగర్ స్టేషనులో రైలు కదలునప్పుడు ఆ ఇంజను నెత్తి మీద లేచిన నల్లని పొగ మేఘము మన పాఠకులలో పెద్దవారికి జ్ఞాపకముండును. ఆ పొగకు కారణమేమి? డ్రైవరు కోరిన వెంటనే డీజిలు సిలిండర్లలోనికి చేరును. కాని బరువైన టర్బో చక్రము వేగము పుంజుకొనుటకు కొంత సమయము పట్టును. ఆ కొద్ది క్షణములు ఇంజనుకు అన్నము ముందు, ఊపిరి వెనుక. అన్నము ముందై ఊపిరి వెనుకైనచో వచ్చునది పొగయే. పాఠకులు ఈ ఒక్క మాటను గుర్తుంచుకొనవలెనని మా మనవి. దీని అవసరము ముందు ముందు తెలియును.

పాత కార్లు, కొత్త పిచ్చి

టర్బోను ఇంజనీర్లు కనుగొన్నారు. కాని ఇంజను నుండి ఎంతటి బలము పిండవచ్చునో లోకమునకు చూపినవారిలో చాల మంది పట్టాలు లేని కుర్రవాండ్రు. వారి కథ అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో జరిగినది. 1932లో ఫోర్డు సంస్థ సామాన్యులు కొనగల కారులో ఎనిమిది సిలిండర్ల ఇంజనును పెట్టినది. దాని బలము 65 అశ్వశక్తి. కొన్నాళ్ళకు ఆ కార్లు పాతబడి చౌకగా దొరకసాగినవి. యువకులు వాటిని కొని, మడ్‌గార్డులు, బానెట్లు ఊడదీసి బరువు తగ్గించి, కార్బురేటర్లు పెంచి, క్యామ్‌షాఫ్టులు మార్చి, ఎండిపోయిన సరస్సుల గట్టి నేల మీద పందెములు వేయసాగినారు. ఇట్టి కార్లకే ‘హాట్ రాడ్’ అని పేరు వచ్చినది. మ్యూరాక్, ఎల్ మిరాజ్ అను ఎండు సరస్సులు వీరి ప్రయోగశాలలు.

వీధులలో పందెములు ప్రాణాంతకములని పెద్దలు గగ్గోలు పెట్టినారు. వారి మాటలో న్యాయము ఉన్నది. ఆ కుర్రవాండ్రలో వివేకవంతులు కూడ దానిని గుర్తించినారు. 1937లో క్లబ్బులన్నియు కలసి ఒక సంఘముగ ఏర్పడి, సరస్సు మీది పందెములకు నియమములు, కాలము కొలుచు ఏర్పాట్లు చేసికొన్నవి. 1948లో ‘హాట్ రాడ్’ అను పత్రిక మొదలైనది. 1949లో యూటా రాష్ట్రములోని బానెవిల్ ఉప్పు మైదానములో వేగపు వారోత్సవము ఆరంభమైనది. 1951లో వాలీ పార్క్స్ అను ఆయన జాతీయ హాట్ రాడ్ సంఘమును స్థాపించినాడు. కుర్రవాండ్రను వీధుల నుండి మైదానములకు మళ్ళించుటయే దాని ముఖ్యోద్దేశము.

వీరికి, మన లారీలకు ఒక చుట్టరికము ఉన్నది. జనరల్ మోటార్స్ వారి ‘6-71’ అను రెండు స్ట్రోకుల డీజిల్ ఇంజనును బస్సులలోను, లారీలలోను, యుద్ధకాలమున పడవలలోను వాడినారు. రెండు స్ట్రోకుల ఇంజను కనుక దానికి గాలి ఊదు బ్లోయరు తప్పనిసరి. యుద్ధము ముగిసిన తరువాత ఆ బ్లోయర్లు పాత సామానులలో దొరకినవి. హాట్ రాడ్ యువకులు వాటిని తెచ్చి తమ పెట్రోలు ఇంజనుల నెత్తిన బిగించి, ఇంజను బెల్టుతో త్రిప్పించినారు. పొగతో తిరుగునది టర్బోచార్జరు, ఇంజను స్వయముగ త్రిప్పునది సూపర్‌చార్జరు అని పాఠకులు తేడాను గ్రహింపవలెను. పందెపు కారు బానెట్ పైన పెట్టెవలె పొడుచుకొని వచ్చు ఆ బ్లోయరు ఒకప్పటి బస్సు ఇంజనుకు ఊపిరితిత్తి!

1952: గెలిచిన ఇంజను, ఓడిన ఊపిరి

ఇప్పుడు మన పొరుగింటి పేరు వినవచ్చును. కమ్మిన్స్ సంస్థ అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున కొలంబస్ పట్టణములో 1919లో పుట్టినది. డీజిల్ ఇంజను మొరటుది, మెల్లనిది అను అపవాదును పోగొట్టుటకు ఆ సంస్థ వారు అదే రాష్ట్రములోని ప్రసిద్ధమైన ఇండియానాపోలిస్ 500 మైళ్ళ పందెమునకు దిగినారు. 1931లో వారి డీజిల్ కారు ఒక్కసారి కూడ ఆగకుండ పందెమును పూర్తి చేసినది. వచ్చినది పదమూడవ స్థానమే గాని, మధ్యలో డీజిలు పోయించుకొనకుండ 500 మైళ్ళు పరుగెత్తిన కారు అంతకు ముందు లేదు.

1952లో వారు మరల వచ్చినారు. ఈసారి 6.6 లీటర్ల లారీ ఇంజనును ప్రక్కకు పడుకోబెట్టి కారును నేలకు దగ్గరగా చేసినారు; దానికి టర్బోచార్జరు బిగించినారు. ఆ పందెములో టర్బో కారు పాల్గొనుట అదే మొదలు. అర్హత పరుగులో డ్రైవరు ఫ్రెడ్ అగబాషియన్ గంటకు 138.010 మైళ్ళు, అనగా సుమారు 222 కిలోమీటర్ల సగటు వేగముతో అందరికంటె ముందు స్థానమును గెలిచికొన్నాడు. పెట్రోలు కార్ల ముందు వరుసలో లారీ ఇంజను నిలచినది!

మే 30న పందెము ఆరంభమైనది. 200 చుట్లలో 71వ చుట్టునకు ఆ కారు ఆగిపోయినది. పిస్టను పగులలేదు; ఇరుసు విరుగలేదు. టర్బోచార్జరు గాలి పీల్చు ముక్కు కారు ముందు భాగమున నేలకు దగ్గరగా ఉన్నది. ఇతర కార్ల చక్రముల నుండి రాలిన రబ్బరు తుక్కు దానిలో చేరి మూసివేసినది. పందెమును అందరికంటె ముందు స్థానము నుండి ఆరంభించిన ఇంజను ఊపిరాడక నిలచిపోయినది. ఆ రోజు దాని ఓటమికి కారణము బలము లోపించుట కాదు, ముక్కునకు కాపలా లేకపోవుట. ఇంజనుల చరిత్రలో ఇంతకంటె స్పష్టమైన పాఠము మరొకటి మాకు కనబడదు.

పందెపు ఇంజను వేరు, బ్రతుకు ఇంజను వేరు

తరువాతి కథ వేగముగ సాగినది. 1962లో అమెరికా సంస్థలు టర్బో పెట్రోలు కార్లను విపణిలోనికి తెచ్చినవి. 1977లో ఫ్రాన్సు దేశపు రెనో సంస్థ ఫార్ములా వన్ పందెములకు ఒకటిన్నర లీటర్ల టర్బో కారును తెచ్చినది. అది తరచుగ చెడి పొగలు క్రక్కుచుండుట వలన దానికి ‘పసుపుపచ్చ టీ కెటిల్’ అని ఎగతాళి పేరు పెట్టినారు. 1979లో అదే సంస్థ ఫ్రెంచి గ్రాండ్ ప్రీని గెలిచి ఆ నోళ్ళు మూయించినది. 1983లో నెల్సన్ పికే టర్బో కారులో తొలి ప్రపంచ విజేత అయినాడు. ఆయన వాడిన బి.ఎం.డబ్ల్యు. ఇంజను దిమ్మ మామూలు కారులోని నాలుగు సిలిండర్ల దిమ్మ నుండి వచ్చినదే. 1986 నాటికి అర్హత పరుగులలో అట్టి ఒకటిన్నర లీటర్ల ఇంజనుల నుండి వేయి అశ్వశక్తికి మించి రాబట్టినారు. 1989 నుండి టర్బోలను నిషేధించినారు. 2014లో అవి మరల వచ్చినవి.

వేయి అశ్వశక్తి అనగనే యువకుల కండ్లు మెరయును. కాని ఆ అర్హత ఇంజను ఆయుర్దాయము ఎంత? కొద్ది చుట్లు మాత్రమే. ఆ తరువాత దానిని విప్పి పారవేయవలసినదే. లారీ ఇంజను లక్షల కిలోమీటర్లు నడువవలెను. ఒక కుటుంబమునకు అన్నము పెట్టవలెను. హాట్ రాడ్ నిర్మాతలలో నిజమైన పనివారు ఈ తేడాను బాగుగ ఎరుగుదురు. బలమును రెట్టింపు చేయదలచినవాడు మొదట గాలిని పెంచును, తరువాత డీజిలును పెంచును, ఆ పిమ్మట ఆ బలమును మోయు ప్రతి భాగమును, అనగా హెడ్ బోల్టులను, గ్యాస్కెట్టును, పిస్టన్లను, క్లచ్చిని, గేరు పెట్టెను, చివరకు బ్రేకులను పరిశీలించి బలపరచును. గొలుసు బలము దాని బలహీనపు కొక్కెము బలమే గదా!

దీనికి మన పొరుగింటి ఇంజను కుటుంబమే నిదర్శనము. టెల్కో 1945లో జంషెడ్పూరులో స్థాపితమైనది. 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారముతో లారీల నిర్మాణము మొదలు పెట్టినది. ఆ సహకారము 1969లో ముగిసినది. 2003లో సంస్థ పేరు టాటా మోటార్స్ అయినది. ఇంజనుల కొరకు 1993లో కమ్మిన్స్‌తో సమాన వాటాలతో టాటా కమ్మిన్స్ ఏర్పడినది. ఆ దశాబ్దములోనే జంషెడ్పూరులో కమ్మిన్స్ ‘బి’ శ్రేణి ఇంజనులు తయారుకాసాగినవి. మనము పైన లెక్కకు తీసికొన్న 102, 120 మిల్లీమీటర్ల ఇంజను ఆ కుటుంబములోనిదే.

శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి తరతరములుగ ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగువారు ఎందరో ఉన్నారు. బిష్టుపూర్ రామమందిరములో ఉత్సవములు జరుపుకొని, కద్మాలోని ఆంధ్ర సంఘములో కలసికొను ఆ కుటుంబములలో లేతు మీద, గ్రైండరు మీద చేయి తిరిగినవారికి కొదువ లేదు. వారి పిల్లలకు ఈ క్రింది సంగతి ముచ్చట గొలుపునని తలచెదము.

అమెరికాలో 1989లో డాడ్జ్ పికప్ వాహనములకు ఇదే ‘బి’ కుటుంబములోని 5.9 లీటర్ల టర్బో డీజిల్ ఇంజనును అమర్చినారు. అప్పుడు దాని బలము 160 అశ్వశక్తి. కాలక్రమమున ఆ ఇంజను హాట్ రాడ్ యువకుల చేతికి చిక్కినది. రెండు టర్బోలను ఒకదాని వెనుక ఒకటి జోడించి, పెద్ద నాజిల్స్ పెట్టి, లోపలి భాగములు మార్చి, వేయి అశ్వశక్తిని దాటించినారు. రెండు వేలను దాటించినవారును ఉన్నారు. మన బారిడీహ్ మీదుగ ఇటుక, ఇసుక మోయు లారీల ఇంజనుకు దాయాది అమెరికాలో కార్లతో పందెములాడుచున్నదన్నమాట.

ఆ యువకులే ఒక చిన్న రహస్యమును ప్రచారములోనికి తెచ్చినారు. ఆ ఇంజనుల తొలి తరములో ముందరి గేర్ల పెట్టెలో ఒక చిన్న ఉక్కు డోవెల్ పిన్ను ఉండెను. ఏండ్ల తరబడి అదురుట వలన కొన్ని ఇంజనులలో అది మెల్లగ జారి, గేర్ల నడుమ పడి, పెట్టెను పగులగొట్టుచుండెను. చిటికెన వ్రేలి గోరంత రేకు ముక్కను బోల్టు క్రింద పెట్టి ఆ పిన్నును జారకుండ ఆపినారు. వేయి గుర్రములను కట్టివేయుటకు ముందు ఒక పిన్నును కట్టివేయుట నేర్చినారు. హాట్ రాడ్ విద్యలోని సారము ఇదే.

పంపు స్క్రూ త్రిప్పు విద్య

ఈ విద్యకు మన రోడ్ల ప్రక్కన ఒక వికృత రూపము ఉన్నది. రాంచీ వెళ్ళు దారిలో తైమారా ఘాటీ ఎక్కలేక లారీ మూల్గుచున్నదని యజమాని గొణుగును. ఇంజను బలము పెంచెదనని గ్యారేజీ మేస్త్రి డీజిలు పంపు స్క్రూను కొంచెము త్రిప్పును. లారీ ఎక్కును, నల్లని పొగ కూడ ఎక్కును. అతడు చేసినదేమి? గాలి పెంచకుండ డీజిలు పెంచినాడు. మనము గుర్తుంచుకొనుడని కోరిన మాట ఇదే: అన్నము ముందు, ఊపిరి వెనుక. మండని డీజిలు పొగగా పోవును. ఆలస్యముగ మండినది సిలిండరు నుండి బయలుదేరు పొగ వేడిని పెంచును. పిస్టను అల్యూమినియము మిశ్రలోహము. శుద్ధమైన అల్యూమినియము 660 డిగ్రీల వద్దనే కరగును. లోపలి మంట అంతకంటె ఎంతో వేడి గలది. నూనె, నీరు నిరంతరము చల్లార్చుచుండుట వలననే పిస్టను బ్రతుకుచున్నది. ఆ తూకము తప్పినచో పిస్టను నెత్తి కరగును, టర్బో రెక్కలు చిట్లును. ఘాటీ మధ్యలో ఇంజను పోయినచో బండి వెనుకకు జారు ప్రమాదము కూడ ఉన్నది. యజమానికి నష్టము సొమ్ములో. డ్రైవరుకు, క్లీనరుకు నష్టము ప్రాణములలో. ఆ డ్రైవరు ఇంటి వద్ద ఎదురు చూచు భార్యాబిడ్డలకు స్క్రూ సంగతి తెలియదు.

ఇంకొక సంగతి. మన దేశమున లారీలన్నిటికి టర్బోను తెచ్చినది వేగము మీది మోజు కాదు, పరిశుభ్రమైన గాలి మీది శ్రద్ధ. 2000 నుండి ఉద్గార నియమములు అంచెలంచెలుగ బిగిసి, 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 దేశమంతట అమలులోనికి వచ్చినది. ఎక్కువ గాలి, తక్కువ పొగ: టర్బో, ఇంటర్‌కూలరు లేనిదే ఈ నియమములను అందుకొనుట పెద్ద ఇంజనులకు దుస్సాధ్యము. పందెపు బాట మీద బలము కొరకు పెరిగిన పరికరము నేడు మన పిల్లల ఊపిరితిత్తులకు కాపలా కాయుచున్నది. దానిని చెడగొట్టి పొగ రప్పించుకొనువాడు తన ఇంజనుకే గాక ఊరికి కూడ అపకారము చేయుచున్నాడు.

మన సంస్థలో డంపర్లు, జనరేటర్లు, అంబులెన్సులు నడుపు సోదరులకు కొన్ని మనవులు. గాలి ఫిల్టరును ఇంజనుకు ముక్కుగా తలచుడు. 1952లో ఏమి జరిగినదో ఎరిగినారు గదా. గనుల ధూళిలోను, మన ఊరి ఎండాకాలపు దుమ్ములోను కాగితములో వ్రాసిన గడువు వరకు వేచి ఉండక, సూచిక చూచి ఫిల్టరును మార్పించుడు. ఇంజను స్టార్టు చేయగనే ఆక్సిలరేటరు త్రొక్కకుడు. నూనె టర్బో ఇరుసు వరకు చేరుటకు కొన్ని క్షణములు ఇయ్యుడు. బరువు మోసి వచ్చిన వెంటనే ఇంజనును ఆపకుడు. మూడు నాలుగు నిమిషములు ఐడిల్‌లో నడువనిచ్చినచో టర్బో చల్లబడును. వెంటనే ఆపినచో నూనె ప్రవాహము నిలచి, వేడికి మాడి బొగ్గై, బేరింగును తినివేయును. నడచి నడచి వచ్చినవాడు గుమ్మములో అడుగిడగనే పడుకొనడు గదా. కొంతసేపు కూర్చుండి, చెమట ఆరిన తరువాత నడుము వాల్చును. ఇంజనుకును ఆ మర్యాద చేయవలెను. ఈలలో మార్పు వచ్చినచో, లేక పొగ నీలముగ మారినచో వెంటనే వర్క్‌షాపుకు తెలుపుడు.

ఇక మన ఇండ్లలోని యువకుల మాట. సైలెన్సరు మార్చి, చప్పుడు పెంచి, వీధులలో మోటారు సైకిలు దూకించుటను కొందరు ఇంజను విద్య అనుకొనుచున్నారు. చప్పుడు బలము కాదు. పైగా తయారీదారు నిర్ణయించిన రూపమునకు భిన్నముగ వాహనమును మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిరోధించుచున్నది. ఇది వట్టి కాగితపు నిబంధన కాదు. ఇంజను బలము పెరిగి బ్రేకులు పాతవే ఉన్నప్పుడు ఏమి జరుగునో చెప్పుటకు ఇంజనీరు అక్కర లేదు. బారిడీహ్ బజారులో సాయంకాలము కూరగాయలకు వచ్చు మన తల్లులు, సోదరీమణులు ఎండు సరస్సులోని ఉప్పు మైదానములో నడచుట లేదు.

అటులని ఉత్సాహమును అణచివేయుమని మేము చెప్పము. ఉత్సాహము లేనిదే బూఖీ లేడు, మాస్ లేడు. మద్రాసు సమీపమున శోళవరములో యుద్ధకాలపు పాత విమానాల పట్టీ మీద మన దేశపు మోటారు క్రీడ దశాబ్దముల పాటు సాగినది. వేగమునకు తగిన చోటు ఉండవలెనని మనవారును గుర్తించినారు. నేడు ఇంజనీరింగు విద్యార్థుల కొరకు ఎస్.ఏ.ఇ. ఇండియా వారు ‘బాహా’ పోటీలు నడుపుచున్నారు. అందులో పిల్లలు బండిని తామే రూపొందించి, వెల్డింగు చేసి, నడిపి చూపవలెను. మీ అబ్బాయికి గాని, అమ్మాయికి గాని ఇంజను మీద మక్కువ ఉన్నచో కొత్త సైలెన్సరు కొని ఇయ్యకుడు. ఒక స్పానర్ల సెట్టు కొని ఇచ్చి, పాత ఇంజను ఒకదానిని విప్పి మరల బిగించుమని చెప్పుడు. విప్పుట ఒక పూట పని; బిగించుట ఒక జీవితపు చదువు.

2024లో జంషెడ్పూరులో హైడ్రోజనుతో నడుచు ఇంజనుల తయారీ కేంద్రము ప్రారంభమైనది. రేపటి ఇంజను డీజిలు త్రాగకపోవచ్చును. హైడ్రోజను త్రాగినను, మరొకటి త్రాగినను, అది మండు ఇంజనైనంత కాలము గాలిని పీల్చక తప్పదు. ఇంధనము ఎంత పోయవచ్చునో నిర్ణయించునది ఆ గాలియే. రేపు ఫిల్టరు మార్చుటకు బద్ధకము కలిగినప్పుడు, లేక స్క్రూ త్రిప్పెదనని ఎవరైన ముందుకు వచ్చినప్పుడు, మన పాఠకులు ఈ ఒక్క సంగతిని తలచుకొందురు గాక.

వచ్చు నెల ఈ శీర్షికలో బేరింగులను గురించి ముచ్చటించుకొందము.